రాయికీ ఒక పంచనామా రాయండి

మా మండలంలోని సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, రోడ్ల పనులు చూసే ఇంజనీర్లకు, గుడి కమిటీల పెద్దలకు బహిరంగ లేఖ

అమ్మా, అయ్యా,

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ మండలంలో తెలుగు చెప్పిన పంతుల్ని. మీలో కొందరు నా దగ్గర గుణింతాలు దిద్దినవాళ్లే. కొందరి నాయనలకు కూడా నేనే పాఠం చెప్పాను. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కడైనా మాట కాస్త గట్టిగా పడితే పాత సారు అలవాటని ఓర్చుకోండి. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు, ఊరి పేరు కూడా రాయడం లేదు. చదివితే ఎవరిది వాళ్లకు తెలుస్తుంది.

మా ఊరి చెరువు కట్ట దిగువన వేపచెట్టు కింద ఒక రాయి ఉండేది. మనిషి ఛాతీ ఎత్తు, నల్లరాయి, ముందు వైపు మూడు వరసల్లో బొమ్మలు. మా నాయనమ్మ దాన్ని వీరన్న అనేది. పెత్తరమాస నాడు పొద్దున్నే ఇంట్లో పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చుకున్నాక, ఒక చెంబు నీళ్లు, ఒక విస్తరిలో అన్నం పట్టుకుని కట్ట దగ్గరికి నడిచేది. నేను వెనక నడిచేవాణ్ణి. రాయి మీద నీళ్లు పోసి, అన్నం ముద్ద దాని ముందు పెట్టి, కాకులు వచ్చేదాకా నిలబడేది. ఒకసారి అడిగాను, ఈ వీరన్న మనకేం అవుతాడు నాయనమ్మా అని. "మనకేం గాడు. ఆయినకు ఎవ్వరు లేరు గదా బిడ్డా, అందుకే పెడుతున్న" అంది.

అప్పుడు నాకు ఆ జవాబు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

కొన్నేళ్ల కింద కట్ట దిగువకు సీసీ రోడ్డు వచ్చింది. రోడ్డు కావాలని గ్రామసభలో చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, అది దాచను. వానాకాలం ఆ దారిలో మోకాలి లోతు బురద. పని మొదలైన మూడో రోజు జేసీబీ వేపచెట్టును తీసేసింది, చెట్టుతో పాటు రాయినీ తీసేసింది. నేను అప్పుడు మా అమ్మాయి కాన్పు కోసం హైదరాబాదులో ఉన్నాను. వచ్చేసరికి రోడ్డు అయిపోయింది, క్యూరింగుకు కట్టిన మట్టిగట్లలో నీళ్లు నిలబడి ఉన్నాయి. రాయి ఏదని అడిగితే ఏ రాయి అన్నారు.

వెతగ్గా వెతగ్గా కింది సగం దొరికింది. ఒక ఇంటి ముందు మోరి మీద బండగా వేశారు. బొమ్మలున్న వైపే పైకి ఉంది, దాని మీదుగా బైకు ఇంట్లోకి ఎక్కుతోంది. ఆ ఇంటివాళ్లను ఏమీ అనలేను. ఎవరో పడేసిన రాయి, చదునుగా ఉంది, పనికొచ్చింది. అడగ్గానే ఇచ్చేశారు, పైగా ట్రాక్టరు మీదికి ఎక్కించడానికి నలుగురు పిల్లల్ని కూడా పిలిచారు. పై సగం మాత్రం రోడ్డు కింద నింపుడులో పోయిందని ఆ రోజు పనిచేసిన కూలీ ఒకాయన చెప్పాడు. చోటు కూడా చూపించాడు, కల్వర్టుకు పది అడుగుల ఇవతల.

ఈ ఉత్తరం ఆ సగం రాయి గురించి. అయితే ఆ ఒక్క రాయి గురించే రాస్తే నా గోడు నేను వెళ్లబోసుకున్నట్టు అవుతుంది. మన మండలంలో నేను తిరిగి చూసినవే పదుల్లో ఉన్నాయి ఇలాంటి రాళ్లు. పొలాల గట్ల మీద, గుడి వెనక, బడి ప్రహరీ గోడలో, బావి మెట్లలో. వాటి ముందు మీరు కూడా ఎన్నోసార్లు నడిచి ఉంటారు.

వీటిని వీరగల్లులు అంటారు. కల్లు అంటే రాయి అని పాత మాట. ఈ మాట మొదటిసారి మా ఊరి కుర్రవాళ్లకు చెప్పినప్పుడు "సార్, అది ఈతకల్లా తాటికల్లా" అన్నారు. నవ్వుకున్నాం. కానీ ఆ నవ్వులో ఒక నిజం ఉంది. తెలుగువాడికి తన ఊళ్లో నిలబడ్డ రాయి పేరు తెలియదు. ఇరుగున ఉన్న కన్నడ పల్లెల్లో వీరగల్లు అంటే పశువులు కాసే పిల్లవాడు కూడా చెయ్యి చూపిస్తాడు. మన దగ్గర అదే రాయి ఒక ఊళ్లో వీరన్న, ఇంకో ఊళ్లో పోతరాజు, మరో చోట భైరవుడు, ఎక్కడో హనుమంతుడు కూడా. పేరు మారితే పెద్ద తప్పేం లేదు, దణ్ణం అందుతూనే ఉంది. ఏ పేరూ మిగలని రాళ్లకే కష్టం వచ్చింది.

రాయిని చదవడం ఏమంత కష్టం కాదు. కింది నుంచి పైకి చదవాలి. అడుగు వరసలో యుద్ధం ఉంటుంది. కత్తో, విల్లో, బల్లెమో పట్టుకున్న మనిషి, ఎదురుగా శత్రువులు, పక్కన ఆవులు. ఆవులు ఉన్నాయంటే మందను తోలుకుపోవడానికి వచ్చినవాళ్లతో పోరాడి చచ్చాడని. అప్పటి పల్లెకు మందే బ్యాంకు, మందే పంట. మంద పోతే ఊరు పోయినట్టే. మధ్య వరసలో ఆ మనిషిని ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్క పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు, వాళ్లు అప్సరసలు. పై వరసలో శివలింగం, పక్కన పూజారి, ఎదురుగా మన మనిషి చేతులు జోడించుకుని కూర్చుని ఉంటాడు. ఆ పైన ఒక పక్క సూర్యుడు, ఒక పక్క నెలవంక. కింద చావు, మధ్యలో ప్రయాణం, పైన కైలాసం. మూడే బొమ్మల్లో ఒక మనిషి కథంతా చెప్పేశాడు ఆ కాసెపని వాడు.

కొన్నిటి మీద ఆవులకు బదులు పులి ఉంటుంది, అడవిపంది ఉంటుంది. కొన్నిటి మీద మనిషి తన తల తానే కోసుకుంటూ ఉంటాడు. వాటిని చూసి భయపడి రాక్షసుడని గుడి బయటకు జరిపిన ఊళ్లు నాకు తెలుసు. ఆత్మాహుతి ఆ కాలపు మొక్కు. శ్రీశైలం మల్లికార్జునుడి గుళ్లో 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం అలాంటి మొక్కులకే. ఇవాళ మనకు ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ ఆ రాయి మీద ఉన్నది రాక్షసుడు మాత్రం కాదు, ఎవరికో కొడుకు.

మనకు ఈ అలవాటు ఎంత పాతదో ఒక్క ముక్క చెబుతాను. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకులు ఏలిన విజయపురిలో, అంటే ఇప్పటి నాగార్జునకొండ దగ్గర, క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటికే చనిపోయినవాళ్ల పేరు మీద రాతికంబాలు నిలబెట్టారు. వాటిని ఛాయాస్తంభాలు అన్నారు. ఛాయ అంటే నీడ, రూపం. మనిషి పోయాడు, నీడ మాత్రం ఇక్కడ ఉంది అని. అందులో రాజులవి ఉన్నాయి, సేనాపతులవి ఉన్నాయి, చేతిపని చేసుకుని బతికినవాళ్లవి కూడా ఉన్నాయి. నన్ను పట్టి నిలిపేది ఆ చివరిదే. రాజుకు కోట ఉంది, గుడి ఉంది, కవి ఉన్నాడు. మంద వెనక పరిగెత్తి చచ్చిన గొల్లవాడికో బోయవాడికో ఈ రాయి తప్ప లోకంలో ఇంకేమీ లేదు. ఆ కాలపు మామూలు మనిషి మన చరిత్రలోకి రావడానికి ఉన్న దారి దాదాపు ఇదొక్కటే.

అంతకంటే వెనక్కి పోతే రాక్షస గుళ్లు ఉన్నాయి. మన గుట్టల మీద గుండ్రంగా పేర్చిన బండలు, మధ్యలో నాలుగు పలకల పెట్టె, పైన పెద్ద కప్పు. ఇంత బరువు మనుషులు ఎత్తలేరని మనవాళ్లు రాక్షసులకో పాండవులకో అంటగట్టారు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో తవ్వినప్పుడు బయటపడ్డ కప్పురాయి ఒక్కటే 40 టన్నులకు పైగా తూగుతుందని లెక్కగట్టారు, క్రేను పెట్టి లేపాల్సి వచ్చింది. ఇనుము కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో, ఉత్త చేతులతో, మోకులతో, దూలాలతో ఆ రాయిని అక్కడికి చేర్చారు. దేనికి? లోపల పడుకున్నవాడి మీద ఎండా వానా పడకూడదని. నారాయణపేట జిల్లా ముడుమాల దగ్గర కృష్ణ ఒడ్డున పది పన్నెండు అడుగుల నిలువురాళ్లు వరసలు కట్టి ఉన్నాయి. అందులో ఒక రాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఆ చోటు పేరు ఎక్కింది. అప్పటిదాకా వాటిని కాపాడింది యునెస్కో కాదు, పసుపు కుంకుమ పట్టుకెళ్లిన ఆడవాళ్లు.

ఇదంతా ఎప్పుడో ఆగిపోయిన ఆచారం అనుకోకండి. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో సవర గిరిజనులు చనిపోయినవాళ్ల పేరు మీద రాళ్లు నాటుతూ వచ్చారు. పల్నాడు కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరులకు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరుల ఆయుధాలనే వీరులుగా పూజిస్తారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట చచ్చిపోయినవాళ్లను నిన్న పోయినవాళ్లలా తలుచుకుని ఏడ్చేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. మేడారంలో మనం మొక్కేది కూడా రాజుతో పోరాడి పోయిన తల్లీబిడ్డలకే కదా. గద్దె దగ్గర బంగారమని బెల్లం పెట్టి కళ్లు తుడుచుకునే మనమే, ఊరికి వచ్చాక వీరుడి మీద మోరి బండ వేస్తాం.

బొడ్రాయి పండగ చూడండి. ఊరి పొలిమేరలు కట్టేసి, దుబాయిలో ఉన్నవాణ్ణి కూడా రప్పించి, ఆడబిడ్డలందరికీ చీరలు పెట్టి మూడు రోజులు చేస్తాం. లక్షలు పోగవుతాయి. నేనూ చందా ఇచ్చాను, ఇస్తాను. ఆ లెక్కల పుస్తకంలో ఎక్కడైనా కట్ట కింది వీరన్నకు అర సంచి సిమెంటు రాసి ఉందా? రాసి ఉంటే నాకు చూపించండి. ఆగండి, సిమెంటు అక్కర్లేదు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇక్కడ మన భక్తి చేసిన చేటు కూడా చెప్పుకోవాలి. మా రాయి నిలబడి ఉన్నప్పటి ఫొటో ఒక్కటే ఉంది. 1990లలో మా పెద్దన్న తీశాడు. ఆ ఫొటోలో వీరన్న మెరిసిపోతుంటాడు. ఎందుకంటే ఆ ఏడే కుర్రవాళ్లు చందాలు వేసుకుని సిల్వర్ రంగు వేశారు. కళ్లకు నల్లరంగు, పెదాలకు ఎర్రరంగు, వరసల మధ్య పట్టీలకు పసుపు ఎనామిలు. అక్షరాలు ఉన్నది ఆ పట్టీల మీదే. రంగు నిండిపోయి ఫొటోలో ఒక్క అక్షరం కూడా కనపడదు. ఆ రంగు డబ్బాకు నేనూ డబ్బులు ఇచ్చాను. తెలుగు పంతుల్ని, రాయి మీద రాత ఉందని చూసి కూడా, ఏం రాశారో అని వంగి చూడలేదు. జేసీబీ వాణ్ణి తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవాలి.

దొరికిన సగాన్ని బడి ఆవరణలో పెట్టాక, శాసనాలు చదవడం వచ్చిన ఒక లెక్చరర్‌ను బతిమాలి పిలిపించాను. ఆయన నీళ్లు, మెత్తటి బ్రష్షుతో రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి కాగితాన్ని దించి, ఆరీ ఆరకముందే సిరా అద్దారు. రాత తెల్లగా, మిగతాది నల్లగా కాగితం మీదికి వచ్చింది. పిల్లలు సినిమా చూసినట్టు చూశారు. ఒక సంవత్సరం పేరు, మంద అనే మాట, ఇంకో రెండు మూడు ముక్కలు చదవగలిగారు. రాయి ఏటవాలుగా విరిగింది. పేరు ఉండాల్సిన చోటు రెండో ముక్కలో ఉంది.

అంటే ఆ మనిషి ఏ ఏడు చచ్చాడో తెలుసు, దేనికి చచ్చాడో తెలుసు, ఎవరో తెలియదు. వందల ఏళ్లు ఎండకు ఎండి వానకు తడిసి ఆగిన పేరు ఒక పూట పనిలో పోయింది.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను. రోడ్డు ఆపమనడం లేదు. రాయిని అస్సలు కదిలించొద్దని కూడా అనడం లేదు, కొన్నిసార్లు తప్పదు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు విజయపురి మొత్తం మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, రాసుకుని, దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పోతుందని కూడలి సంగమేశ్వరుడి గుడిని రాళ్లు విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్లీ కట్టారు. ప్రాజెక్టులూ ఆగలేదు, రాళ్లూ పోలేదు. చెరువు కట్ట రోడ్డు అంతకంటే పెద్ద పనేం కాదు.

మన ఊళ్లో ఎవరైనా అనుమానంగా చనిపోతే ఏం చేస్తాం? శవాన్ని కదిలించే ముందు పంచనామా రాస్తాం. ఎక్కడ పడి ఉంది, తల ఎటు ఉంది, ఒంటి మీద ఏం గుర్తులున్నాయి, చూసిన పెద్దమనుషులు ఎవరు, సంతకాలు. బంధువులు ఏడుస్తున్నా సరే, కాగితం అయ్యేదాకా ఆగుతాం. రాయికీ అదే చేయండి. కదిలించే ముందు ఒక పంచనామా.

పెద్ద పనేమీ లేదు, అరగంట. రాయి ఎక్కడ ఉంది, ఏ సర్వే నంబరులో ఉంది, ముఖం ఏ దిక్కుకు ఉంది. ఎత్తు, వెడల్పు, భూమిలోకి ఎంత ఉంది. ఫోనులో నాలుగు వైపులా ఫొటోలు, లొకేషన్ ఆన్ చేసి. ఒక చిట్కా చెబుతాను: మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరాలు కనపడవు. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్క నుంచి పడాలి, లేదా చీకటి పడ్డాక టార్చిలైటు రాయికి పక్కగా ఆనించి తీయాలి. అప్పుడు ఉత్త బండ అనుకున్న దాని మీద కూడా గీతలు లేచి కూర్చుంటాయి. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంజనీర్లకు తోచనిది: ఊరివాళ్లు ఆ రాయిని ఏమని పిలుస్తారు, ఏ ఇంటివాళ్లు నీళ్లు పోస్తారు, ఏ పండగకు. ఇది ముసలివాళ్లను అడగాలి. రాయి ఇంకో వెయ్యేళ్లు ఉంటుంది, వాళ్లు ఉండరు.

ఆ కాగితాన్ని గ్రామసభలో చదివి తీర్మానంలో ఎక్కించండి, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో రాయండి. వీధిదీపం స్తంభాలను రాస్తున్నాం, బోరింగులను రాస్తున్నాం, వీరన్నను రాస్తే పేజీ చిరగదు. ఇంజనీరు బాబులకు ఒక మాట. ఎస్టిమేటు వేసేటప్పుడు తాగునీటి పైపు ఎటు పోతోంది, కరెంటు స్తంభం ఎక్కడుంది అని చూసుకుంటారు కదా, అందులోనే ఈ రాయి కూడా ఒక లైను. పక్కకు జరపాలంటే మనుషుల చేత, మోకులతో, గోనెసంచులు చుట్టి, అదే చోటుకు దగ్గరగా, అదే దిక్కుకు. జేసీబీ బకెట్టు తగలకూడదు. నకలు ఒకటి కలెక్టరు ఆఫీసుకు, ఒకటి రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి. అక్షరాలు ఉంటే భారత పురావస్తు శాఖకు మైసూరులో శాసనాల విభాగం ఉంది, అక్కడికీ పంపొచ్చు.

ఇక గుడి కమిటీలకు. ఎనామిలు రంగు వద్దు. ఉన్న రంగును గీకవద్దు, యాసిడ్ పోయొద్దు, ఇనుప బ్రష్షు పెట్టొద్దు, అక్షరాల్లో సుద్ద నింపొద్దు. సిమెంటులో మెడదాకా పాతెయ్యొద్దు, చాలా రాళ్ల మీద కింది వరసే అసలు కథ. పసుపు, కుంకుమ, నీళ్లు, పూలు మీ ఇష్టం. నేను ఆపేవాణ్ణి కాదు. దీపం మాత్రం రాయికి ఆనించకుండా కాస్త ముందు పెట్టండి, నూనె మసి పట్టిందంటే అక్షరం పోయినట్టే.

చట్టం సంగతి క్లుప్తంగా. కేంద్రం 1958 చట్టం కింద ప్రకటించిన కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి కుదరదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి. కానీ మన వీరన్న లాంటివాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పం, శాసనం పురావస్తువే, దాన్ని దేశం దాటిస్తే నేరం. అయినా చట్టం ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. మోరి తవ్వే రోజు అక్కడ నిలబడేది మీరు.

గుప్తనిధుల వాళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. మన పక్క గుట్ట మీద రెండు రాక్షస గుళ్లను తవ్వి పారేశారు. ఒక వీరగల్లు కింద నిమ్మకాయలు, కోడి ఈకలు, నిలువెత్తు గొయ్యి నేను కళ్లారా చూశాను. రాయి మీద సూర్యుడు, చంద్రుడు ఉంటే కింద బంగారం ఉన్నట్టు గుర్తని ఎవడో స్వామి చెప్పాడట. బాబూ, ఆ సూర్యచంద్రులకు అర్థం మన పాత శాసనాల్లోనే ఉంది, ఆచంద్రార్కం అని. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం ఇది నిలవాలి అని. అది నిధికి గుర్తు కాదు, వేడుకోలు. వీరగల్లు కింద శవం ఉండాలనే నియమం కూడా లేదు, బంగారం సంగతి దేవుడెరుగు. రాక్షస గుళ్లలో శాస్త్రం తెలిసినవాళ్లు తవ్వినప్పుడు దొరికేవి ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు, పూసలు. వాటికి బజారులో ధర లేదు. ఒకవేళ భూమిలో నిజంగానే ఏదైనా దొరికినా, 1878 నుంచి ఉన్న చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే. రాత్రిపూట గుట్ట మీద లైట్లు కనపడితే పోలీసులకు, 112కు ఫోన్ చేయండి. ఊరివాళ్లే అయితే ఇంకా ముందు చేయండి.

ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది, తప్పించుకోను. కొన్ని రాళ్ల మీద వీరుడి పక్కన ఒక ఆడమనిషి ఉంటుంది, లేదా మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన చెయ్యి, గాజులు, వేళ్ల మధ్య నిమ్మకాయ. అవి సతీశిలలు. మొగుడు పోయాక మంటల్లో కాలిన ఆడవాళ్లవి. పోయినవాళ్ల మీద గౌరవం అంటున్నావు కదా సారూ, దీనికీ దణ్ణం పెట్టమంటావా అని మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ అడిగింది. సతిని గొప్పగా చెప్పి ఉత్సవం చేయడం 1987 చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా తప్పే. గుడి కట్టొద్దు, జాతర చేయొద్దు. కానీ ఆ రాయిని పగలగొడితే ఆమెను రెండోసారి మాయం చేసినట్టు. ఆమెకు మనం ఏం చేశామో చూపించే సాక్ష్యం ఆ గాజుల చెయ్యి ఒక్కటే. అది కనపడాలి, పక్కన నిజం రాసిన బోర్డు ఉండాలి. ఆ టీచరమ్మ ఒప్పుకుందో లేదో తెలియదు కానీ, తర్వాతి వారం తన పుట్టింటి ఊళ్లో అలాంటి రాయి ఫొటో తీసి నాకు పంపింది. పక్క నుంచి వెలుతురు పడేలా తీసింది.

ఇలాంటివి మన వల్ల ఎక్కడవుతాయి అనేవాళ్లకు బెంగుళూరు సంగతి. ఆ నగరం పేరు మొట్టమొదట కనిపించేది బేగూరు గుళ్లో ఉన్న ఒక వీరగల్లు మీదే, క్రీ.శ. 890 ప్రాంతానిది. బెంగుళూరు యుద్ధంలో ఒకడు చనిపోయాడని దాని మీద ఉంది. ఇంత పెద్ద నగరానికి జన్మపత్రిక ఒకరి చావు రాయి. అదే నగరంలో హెబ్బాళ దగ్గర కిత్తయ్య అనే వీరుడి రాయి 2018లో బయటపడింది, 8వ శతాబ్దానిది. శాసనాల మీద ఇష్టం ఉన్న మామూలు ఉద్యోగస్తులు, వీధివాళ్లు కలిసి దాన్ని చదివించుకుని, మంటపం కట్టి నిలబెట్టుకున్నారు. అంత ట్రాఫిక్‌లో, అడుగు జాగా లక్షలు పలికే చోట వాళ్లకు కుదిరింది. మనకు చెరువు కట్ట ఉంది.

బడి ఆవరణలో మా సగం వీరన్న ఇప్పుడు కానుగచెట్టు కింద ఉన్నాడు. ఐదో తరగతి పిల్లలు ఆవులు లెక్కపెట్టి ఆరు అంటారు. విరిగిన అంచు దగ్గర ఇంకో తోక కనపడుతుంది, కాబట్టి ఏడు అని నా లెక్క. పోయిన పెత్తరమాసకు నేను చెంబుతో నీళ్లు పోసి అన్నం పెట్టాను. కాకులు ఆలస్యంగా వచ్చాయి. చెట్టు కొత్త కదా.

చివరగా మా ఊరి పంచాయతీ వారికి విడిగా ఒక విన్నపం. ఆ సీసీ రోడ్డుకు అప్పుడే పగుళ్లు వచ్చాయి. పైపు లైనుకో, కేబులుకో దాన్ని ఎలాగూ మళ్లీ తవ్వుతారు. ఎప్పుడని నేను అడగను. తవ్వే రోజు ముందుగా నాకు ఒక ఫోన్ కొట్టండి, కల్వర్టుకు పది అడుగుల ఇవతల మాత్రం జేసీబీని పక్కన పెట్టి గడ్డపారలతో తవ్వనివ్వండి. కూలీ డబ్బులు నావి. ఆయన పేరు అక్కడ ఉంది.

ఇట్లు,
మీ పాత తెలుగు సారు